ముల్లు 8 దాటడం లేదు, బ్రేకు తక్కువైనట్టా?

ప్రశ్న: మాది సాలూరు. నాన్న నడిపిన పాత లారీ అమ్మేసి ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో పది టైర్ల బండి తీసుకున్నాం. నేనే నడుపుతున్నాను. బ్రేకుల గాలి చూపించే ఎయిర్ మీటరులో రెండు ముళ్లూ 8 దగ్గరకొచ్చి ఆగిపోతున్నాయి. మా వీధిలో ఒకాయన కొత్త బండిలో 10 దాకా వెళ్తోంది. ఫోన్లో చూసిన ఓ వీడియోలో అమెరికా ట్రక్కు డ్రైవరేమో 120 ఉండాలన్నాడు. పైగా రాత్రి బండి ఆపితే తెల్లారేసరికి ముళ్లు 3కి దిగిపోతున్నాయి. మేస్త్రికి చెబితే, స్క్రూ రెండు చుట్లు బిగిస్తే 10 వస్తుంది, బ్రేకు కూడా గట్టిగా పడుతుంది అంటున్నాడు. లోడు మీద రాయపూర్ వైపు నుంచి వస్తూ సుంకి ఘాటీ దిగేటప్పుడు బ్రేకు చాలదేమోనని టెన్షన్‌గా ఉంటోంది. అసలు ట్యాంకులో ఎంత గాలి ఉంటే నార్మల్? స్క్రూ తిప్పించమంటారా?

సమాధానం: తిప్పించొద్దు తమ్ముడూ. మిగతా సంగతులు తర్వాత చదువుకోవచ్చు, ముందు మేస్త్రికి ఫోన్ చేసి ఆ ఒక్క మాట చెప్పేయండి.

వీడియోలో ఆయన చెప్పిన 120, మీ మీటరులోని 8 దాదాపు ఒకటే. వాళ్ల మీటరు పీఎస్ఐలో ఉంటుంది. టైర్లకు గాలి కొట్టించేటప్పుడు మనం పౌండ్లు అంటామే, అదే లెక్క. మన బళ్ల డ్యాష్‌బోర్డు మీద ఉండేది బార్ లెక్క, లేదంటే చదరపు సెంటీమీటరుకు ఇన్ని కిలోలనే లెక్క. బార్‌కీ కిలోకీ తేడా నూటికి రెండు పాళ్లే కాబట్టి దాన్ని వదిలేయండి. ఒక బార్ అంటే పద్నాలుగున్నర పౌండ్లు. అంటే మీ 8 బార్లు 116 పౌండ్లు. అమెరికా లారీల్లో మామూలుగా 100 పౌండ్ల దగ్గర కంప్రెసర్ గాలి ఎక్కించడం మొదలుపెట్టి, 125 దగ్గర ఆపేస్తుంది. బార్లలో చెప్పుకుంటే 6.9 నుంచి 8.6. మీ ముల్లు ఆ మధ్యలోనే ఉంది.

ఇక మీ వీధిలో ఆయన బండి. మన దగ్గర పాత తరం లారీలు ఎక్కువగా 7 నుంచి 8 చిల్లర మధ్య పనిచేసేలా తయారయ్యాయి. ఇప్పుడొస్తున్న వాటిలో చాలావాటికి 10 దాకా పెట్టారు. ఆ బండికి ట్యాంకులు, వాల్వులు, చక్రాల దగ్గర గాలితో బ్రేకును నొక్కే బ్రేక్ చాంబర్లు, గాలిని ఆరబెట్టే డ్రయ్యరు అన్నీ ఆ లెక్కకే వేశారు. మీ దానికి 8 లెక్కకు వేశారు. ఆయన బండి 10 చూపించడం ఎంత మామూలో మీది 8 చూపించడమూ అంతే మామూలు. మీ మోడల్‌కి కంపెనీ పెట్టిన అంకె ఓనర్ పుస్తకంలో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండితో పుస్తకం రాకపోతే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఛాసిస్ నంబరు చూపించి అడగండి, చెబుతారు.

అసలు నార్మల్ అంటే ముల్లు ఒక అంకె మీద నిలబడి ఉండటం కాదు, రెండు అంకెల మధ్య పద్ధతిగా తిరుగుతూ ఉండటం. కంప్రెసర్ ఇంజిన్‌తోనే తిరుగుతుంది, ఇంజిన్ నడిచినంతసేపూ దానికి విశ్రాంతి లేదు. కానీ ట్యాంకు నిండాక ఆ గాలిని లోపలికి పంపకుండా బయటికి వదిలేసే వాల్వు ఒకటుంటుంది. అన్‌లోడర్ అంటారు. మేడ మీద నీళ్ల ట్యాంకు నిండగానే మోటారు ఆపేసి, నీళ్లు కొంత దిగాక మళ్లీ ఆన్ చేసే స్విచ్ చేసే పనే ఇది. పై అంకె దగ్గర తుస్సుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. నాలుగైదు సార్లు బ్రేకు తొక్కితే ముల్లు ఒక బార్ అటూఇటుగా దిగుతుంది, అక్కడ కంప్రెసర్ మళ్లీ అందుకుంటుంది, ముల్లు పైకి లేస్తుంది. ఇలా తిరుగుతున్న బండికి గాలి విషయంలో జబ్బు లేనట్టే.

జబ్బు ఉంటే ఆ తిరగడంలోనే తెలిసిపోతుంది. బ్రేకు తొక్కకుండా తిన్నటి రోడ్డు మీద పోతుంటే కూడా నిమిషానికోసారి తుస్సుమంటోందంటే గాలి ఎక్కడో పోతోంది, కంప్రెసర్ దాన్ని పూడ్చలేక చస్తోంది. తుస్సు అసలే రాకుండా ముల్లు ఎక్కుతూ పోతుంటే అన్‌లోడర్ పట్టేసింది. ఎక్కడానికే చాలాసేపు పడుతుంటే కంప్రెసర్ రింగులు అరిగి ఉండాలి, గాలి పీల్చుకునే ఫిల్టరు మూసుకుపోయి ఉండాలి, లేకపోతే లీకు. దీనికి అమెరికాలో డ్రైవింగ్ లైసెన్స్ కోసం నేర్పే ఒక కొలత ఉంది. ముందు, వెనక బ్రేకులకు గాలి విడివిడిగా వెళ్లే రెండు సర్క్యూట్ల బండికి ఇంజిన్‌ని రేజ్ చేసి ఉంచితే 85 పౌండ్ల నుంచి 100కి 45 సెకన్లలో ఎక్కాలి. మన లెక్కలో 5.9 నుంచి 6.9. మీ ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి ఒకసారి చూడండి. మన కంపెనీల పుస్తకాల్లో అంకెలు కొంచెం అటూఇటుగా ఉండొచ్చు. ఒక్క బార్ ఎక్కడానికి రెండు మూడు నిమిషాలు తీసుకుంటే మాత్రం ఏ పుస్తకం ప్రకారమైనా అది బాగున్న బండి కాదు.

ఇప్పుడు మీకు బాగా బెంగ పెట్టిన విషయం, రాత్రికి రాత్రే 8 కాస్తా 3 అవడం. లెక్క వేద్దాం. పది గంటల్లో 5 బార్లు పోయాయనుకోండి, గంటకు అర బార్, నిమిషానికి ఒక బార్‌లో నూరో వంతు కూడా కాదు. అమెరికా లైసెన్స్ పరీక్షలో ట్రైలరు లేని బండికి ఇంజిన్ ఆపి, బ్రేకులన్నీ వదిలేసి చూస్తే నిమిషానికి 2 పౌండ్ల దాకా పడినా పాసే. పెడల్ తొక్కి పట్టుకుంటే 3 పౌండ్ల దాకా. 2 పౌండ్లంటే 0.14 బార్. ఆ లెక్కన దిగితే మీ 8 బార్లు గంటలో ఖాళీ అయిపోతాయి! అంటే ఆ పరీక్ష పాసయ్యే బండి కూడా తెల్లారేసరికి సున్నా చూపించవచ్చు. కాబట్టి పొద్దున్నే ముల్లు చూసి కంగారు పడక్కర్లేదు. పైగా అందులో కొంత లీకే కాదు. సాయంత్రం బండి ఆపేటప్పుడు ట్యాంకులో గాలి 45 డిగ్రీల వేడి మీద ఉండి తెల్లవారుజామున 25కి చల్లబడితే, ఒక్క బుడగ కూడా బయటికి పోకుండానే 8 బార్లు 7.4 అవుతాయి.

అలాగని పట్టించుకోవద్దనడం లేదు. ఎవరో వాడిన బండి, ఏ పైపు ఎప్పుడు మార్చారో మీకు తెలియదు. నిమిషం పరీక్ష మీరే చేసుకోవచ్చు. చదునైన చోట బండి ఆపి, చక్రాలకు ముందూ వెనకా గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. ఈ పరీక్షలో హ్యాండ్ బ్రేకు వదిలేయాలి కాబట్టి దిమ్మెల విషయంలో బద్ధకం వద్దు. ముల్లు పైదాకా ఎక్కి తుస్సుమన్నాక ఇంజిన్ ఆపండి, హ్యాండ్ బ్రేకు వదలండి, ముల్లు కుదురుకోనివ్వండి, అప్పుడు ఒక నిమిషం చూడండి. 0.14 బార్ అంటే మన మీటర్లలో ముల్లు మందమంత కూడా ఉండదు. అంటే ముల్లు కదిలినట్టు కంటికి తెలియకూడదు. తర్వాత పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకోండి. తొక్కిన వెంటనే ముల్లు కొంత దిగుతుంది, ఆ గాలి చాంబర్లలోకి వెళ్లింది, అది లెక్కలోకి రాదు. అది ఆగాక మళ్లీ ఒక నిమిషం. కిందికి నడుస్తున్నట్టు కనిపిస్తే బండి రోడ్డెక్కకూడదు.

రెండు ముళ్లున్నది ఊరికే కాదు. ఒకటి ముందు బ్రేకుల సర్క్యూట్‌ది, ఇంకొకటి వెనకవాటిది. ఒక వైపు పైపు పగిలినా రెండో వైపు గాలి మిగలాలని అలా విడదీశారు. కాబట్టి ఏ ముల్లు ముందు దిగుతోందో చూసుకుంటే వెతకాల్సిన పని సగం తగ్గుతుంది. వెతకడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. రూపాయి షాంపూ ప్యాకెట్ చెంబుడు నీళ్లలో కలిపి, పాత పెయింట్ బ్రష్‌తో జాయింట్లకు పూస్తూ వెళ్లండి. వెనక ఇరుసుల దగ్గర పైపు ఛాసిస్‌కి రాసుకునే చోట్లు ఉంటాయి, అక్కడ మట్టి తుడిచి మరీ పూయండి. ఆవగింజంత బుడగలు వరసగా లేస్తుంటే దొరికినట్టే. పెడల్ తొక్కినప్పుడు మాత్రమే బుస్సుమంటే ఏదో ఒక చక్రం దగ్గర బ్రేక్ చాంబర్ డయాఫ్రమ్, అంటే లోపలి రబ్బరు పొర, చిరిగి ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వదిలినప్పుడు మాత్రమే వస్తే స్ప్రింగ్ చాంబర్ వైపు చూడండి. క్లచ్ తొక్కినప్పుడే వస్తే బ్రేకులతో సంబంధమే లేదు, క్లచ్ బూస్టరు. గాలి హారన్‌ని మర్చిపోవద్దు. ఇష్టమొచ్చిన చోట టీ జాయింట్ వేసి తర్వాత బిగించిన హారన్ పైపుల దగ్గర కారే గాలి అంతా ఇంతా కాదు, ఎవరికీ అనుమానమే రాదు.

స్ప్రింగ్ చాంబర్ అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. దాని నడుముకు ఉండే బ్యాండ్‌ని మీరు గానీ మీ క్లీనర్ గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. లోపల బాగా నొక్కిపెట్టిన స్ప్రింగు ఉంటుంది, విడిపోతే ప్రాణాలే పోతాయి. అది పోతే మొత్తం చాంబర్ మార్పించడమే మేలు.

ఆ స్ప్రింగు వల్లే ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. గాలి పోతే బ్రేకు దానంతటదే పడాలన్న ఆలోచన 1870లలోనే రైళ్లకు వచ్చింది, అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ చలవ. లారీలో ఆ పని వెనక చక్రాల దగ్గరుండే ఈ స్ప్రింగు చేస్తుంది. గాలి దాన్ని వెనక్కి నొక్కి పట్టి ఉంచితేనే చక్రం స్వేచ్ఛగా తిరుగుతుంది. అందుకే పొద్దున్న ముల్లు 3 మీద ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలినా బ్రేకు పూర్తిగా వదలదు. గాలి పూర్తిగా ఎక్కే దాకా ఆగకుండా, బండి కదులుతోంది కదా అని గేరేసి లాగేస్తే లైనర్లు రాసుకుంటూ వెళ్తాయి, డ్రమ్ములు వేడెక్కుతాయి, డీజిల్ ఖర్చవుతుంది. గాలి తక్కువైతే మోగే బజర్ ఆగడం చాలదు. బజర్ మన బళ్లలో 4 ఆపైన, 5 లోపల ఎక్కడో ఆగిపోతుంది. అమెరికాలో దానికి 60 పౌండ్లు, అంటే 4.1 బార్ లెక్క. అది ఇకనైనా ఆపమని చెప్పే అంకె, బయల్దేరమని చెప్పేది కాదు. ముల్లు పై అంకెకు చేరి తుస్సుమన్నాక బయల్దేరండి. ఈలోగా టైర్లు చూసుకోవచ్చు, తాడు బిగించుకోవచ్చు. బజర్ వైరు పీకేసిన సెకండ్ హ్యాండ్ బళ్లు కూడా ఉంటాయి. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో ఉంచి, దిమ్మెలు పెట్టి, పెడల్ పదేపదే తొక్కుతూ గాలి దింపి చూడండి, మీది మోగుతోందో లేదో తేలిపోతుంది.

ఇక ఆ స్క్రూ. మేస్త్రి తిప్పుతానన్నది అన్‌లోడర్ స్క్రూ. తిప్పితే ముల్లు 10కి ఎక్కే మాట నిజమే. బ్రేకు గట్టిగా పడుతుందన్నదే నిజం కాదు. మీరు పెడల్ ఎంత తొక్కితే అంత గాలే చాంబర్లకు వెళ్తుంది. మామూలుగా వేగం తగ్గించుకోవడానికి వేసే బ్రేకులో వెళ్లేది ఒకటి రెండు బార్లు. ట్యాంకులో 8 ఉన్నా, 10 ఉన్నా ఆ రెండు బార్ల బ్రేకు మారదు. పెరిగేది ట్యాంకులో నిల్వ మాత్రమే, దాని కోసం కంప్రెసర్ ఎక్కువసేపు భారం మీద నడిచి వేడెక్కుతుంది, ఆయిలు గాలితో పాటు ట్యాంకులోకి వస్తుంది, 8 లెక్కకు చేసిన డయాఫ్రమ్‌లూ పైపులూ నలుగుతాయి. సేఫ్టీ వాల్వు కూడా మొరాయిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ స్క్రూ ముట్టుకోవాల్సిన సందర్భం ఒకటే. మీ బండికి పుస్తకంలో ఉన్న అంకె 8.2 అయి, అది 7.2 దగ్గరే ఆగిపోతుంటే. అప్పుడు కూడా డ్యాష్‌బోర్డు మీటరును నమ్మకుండా, ట్యాంకుకు సరైన టెస్ట్ గేజ్ తగిలించి చూసే తిప్పాలి. పాత మీటర్లు అర బార్ అబద్ధం చెప్పడం మామూలే.

బ్రేకు చాలడం లేదని మీకు నిజంగానే అనిపిస్తుంటే కారణం ట్యాంకులో కాదు, చక్రాల దగ్గర వెతకండి. నూటికి తొంభై పాళ్లు స్లాక్ అడ్జస్టర్లే (చాంబర్ రాడ్‌కు తగిలి ఉండి, లైనరుకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీని సరిచేసే లివర్లు), ఇది నా అభిప్రాయం, కానీ గట్టి అభిప్రాయం. బండికి దిమ్మెలు పెట్టి, గాలి నిండా ఉంచి, ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలి, ఒక్కో అడ్జస్టర్‌నీ చేత్తో గట్టిగా లాగి చూడండి. చాంబర్ రాడ్ కలిసే చోట అంగుళం కన్నా ఎక్కువ కదిలితే ఆ చక్రానికి అడ్జస్ట్‌మెంట్ కావాలి. నాలుగు చక్రాలు ఒకలా, రెండు ఇంకోలా ఉంటే లోడు మీద బండి ఒక పక్కకు లాగుతుంది కూడా. గాలి ఎంత ఉన్నా రాడ్ ప్రయాణమంతా ఆ ఖాళీలోనే అయిపోతే లైనరు డ్రమ్మును నొక్కేదెప్పుడు?

నీళ్ల సంగతి. కంప్రెసర్ నుంచి వేడిగా వచ్చిన గాలి ట్యాంకులో చల్లబడి చెమ్మంతా అడుగున చేరుతుంది. మీ వైపు వానలకు అది ఇంకా ఎక్కువ. డ్రయ్యర్ లేని బండి అయితే రోజూ సాయంత్రం ట్యాంకుల కింద డ్రెయిన్ వాల్వు లాగి దింపేయండి. డ్రయ్యర్ ఉన్నా వారానికోసారి లాగి చూడండి. అప్పుడు నీళ్లు వస్తే డ్రయ్యర్ కార్ట్రిడ్జ్ పని అయిపోయినట్టు. పాలలా తెల్లగా చిక్కగా వచ్చినా, నల్లగా జిడ్డుగా వచ్చినా కంప్రెసర్ ఆయిలు తాగుతోందన్నమాట, రింగుల ఖర్చుకు సిద్ధంగా ఉండండి. నీళ్లు సగం నిండిన ట్యాంకు కూడా మీటరులో 8నే చూపిస్తుంది, అందులో గాలి మాత్రం సగమే ఉంటుంది. నాలుగు బ్రేకులకే ముల్లు జారిపోవడానికి ఒక్కోసారి ఇదే కారణం.

చివరికి ఘాటీ. సుంకి దిగేటప్పుడు ముల్లు 8 మీద ఉండగానే బ్రేకు పట్టకపోవచ్చు. ఎందుకంటే మీటరు గాలినే చూపిస్తుంది, డ్రమ్ము వేడిని చూపించదు. డ్రమ్ము కాలిపోతే గాలి ఎంత ఉండీ ఏం లాభం లేదు. దిగడం మొదలుపెట్టకముందే గేరు తగ్గించి, ఇంజిన్ పొగను అడ్డుకుని వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకుని, బండిని ఇంజిన్ మీద దింపండి. ఇంజిన్ కాస్త ఎక్కువ తిరుగుతుంది కాబట్టి కంప్రెసర్ కూడా గాలి బాగా ఇస్తుంది. వేగం మీరనుకున్న హద్దుకు రాగానే ఒక బ్రేకు గట్టిగా వేసి ఏడెనిమిది కిలోమీటర్లు తగ్గించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ హద్దుకు వచ్చాక ఇంకోసారి. పెడల్‌ని టకటకా కొడుతూ దిగితే కొట్టినప్పుడల్లా చాంబర్లలోని గాలి బయటికి పోతుంది, కంప్రెసర్ అందుకోలేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దించే వాళ్ల మాట అసలు వినొద్దు. బజర్ మోగితే కిందికి ఇంకెంత దూరం ఉందో ఆలోచించకుండా, నిలబెట్టగలిగిన మొదటి చోటే ఆపేయండి. అక్కడి నుంచి గాలి ఇంకా తగ్గితే స్ప్రింగ్ బ్రేకు మీ ప్రమేయం లేకుండా పడుతుంది, అది మలుపులో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా.

నిమిషం పరీక్ష చేశాక, ఏ ముల్లు ఎంత దిగిందో, పెడల్ తొక్కినప్పుడా తొక్కనప్పుడా అన్నది విడివిడిగా రాసి పంపండి. డ్రెయిన్ లాగితే వచ్చిన నీళ్లు ఏ రంగులో ఉన్నాయో, ట్యాంకు ముందుదా వెనకదా, అది కూడా.